రోషన్‌దాన్ ఉన్న చోట

ఫ్లెక్సీలో తుకారాం వదిలిన ఖాళీలో ఆరోగ్యశాఖ అధికారి తన ఫొటో పెట్టించాడు.

ఆ ఖాళీ ఒక కిటికీ కోసం. అమీర్‌పేటలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే తుకారాం, నేనుండే భవనంలోనే మూడో అంతస్తులో భార్య మమతతో ఒక్క గదిలో ఉండేవాడు. ఆమెకు టీబీ. మందులు వాడుతోంది. గదికున్నది ఒకటే కిటికీ, రోడ్డు వైపు.

సర్కారు టీబీ ప్రచారం ఫ్లెక్సీ పని తుకారాం పనిచేసే షాపుకే వచ్చింది. కట్టాల్సింది మా భవనం గోడకే, ఆ కిటికీ మీదుగా. పంజాగుట్టలో తను పెరిగిన డంగుసున్నం ఇంటిని గీశాడు తుకారాం. ఆ ఇంట్లో కప్పు కింద ఎదురెదురుగా రోషన్‌దాన్లనే చిన్న గాలి కిటికీలు ఉండేవట, వేడిగాలి వాటిలోంచి వెళ్లిపోయేదట. ఇప్పుడక్కడ కార్ల షోరూం. బొమ్మలో రోషన్‌దాన్ ఉన్నచోట షీటు కత్తిరించి వదిలేస్తే, వెనక ఉన్న మమత కిటికీయే రోషన్‌దాన్ అవుతుంది. టేపు పట్టి మూడుసార్లు కొలిచాడు. కింద రాసింది ఒకటే మాట: "గాలి ఆడనివ్వండి."

"గీ బొక్క ఏందయ్యా? ఎలుకలు కొరికినట్టు!" అన్నాడు డిజైన్ చూసిన అధికారి. "నా ఫొటో పెట్టు."

"సార్, ఎనకాల మనుషులున్నరు."

"ముందట సుత ఉన్నరు గదా. ప్రచారం వాళ్లకే!"

షాపు యజమాని చక్రపాణి నవ్వాడు. ఫొటో ఎక్కింది.

ఫ్లెక్సీ కట్టాక కిటికీ మూసుకుపోయి ఆ గదిలో పగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. విప్పించమంటే భవనం ఓనరుది ఒకటే మాట: "సర్కారుది. ముట్టుకుంటే కేసయితది." పదకొండు రోజులు ఓర్చుకున్నాడు తుకారాం. పన్నెండో రోజు పొద్దున మమతకు ఊపిరి ఆడలేదు. ఆమె జాకెట్లు కత్తిరించే కత్తెరతోనే ఫ్లెక్సీని లోపలి నుంచి కోశాడు. కింద రోడ్డు మీద ఆటోలు ఆగాయి. ఫ్లెక్సీలో అధికారి కోటు, పైన అతని ముఖం ఉన్నచోట మమత ముఖం, నోరు తెరిచి గాలి పీలుస్తూ. జనం ఫొటోలు తీసుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రానికి ఠాణా. మర్నాటికి ఉద్యోగం పోయింది, వారంలో గది. చుట్టాల ఇళ్లు పట్టుకు తిరగడంలో మందులు తప్పాయి. బల్కంపేట బోనాల నాటికి మమత లేదు.

మొన్న పంజాగుట్ట చౌరస్తాలో తుకారాం కనిపించాడు. మా గోడకు మళ్లీ కొత్త ఫ్లెక్సీ కట్టారని చెప్పాను.

"ఆ రూమ్‌ల ఎవరన్నా దిగిన్రా తమ్మీ?"

"ఇద్దరు అక్కాచెల్లెండ్లు దిగిన్రన్నా. కోచింగ్‌కు వచ్చిన్రు."

బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగాడు.

"జర పోయి అడుగు. కత్తెర ఉన్నదా అని."