కుంకుమ పడని ఇల్లు

నాగలక్ష్మమ్మ తెల్లవారుతూనే లేచి, వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గేసి, దేవుని గూట్లో దీపం పెట్టి, పొయ్యి రాజేసుకుని, ఆ తర్వాత ఒక పగిలిన కుండపెంకు చేతబట్టుకుని నిప్పు అడగడానికి పోయేది.

తన పొయ్యిలో కందికట్టె భగభగ మండుతూనే ఉండేది. గూట్లో అగ్గిపెట్టె కూడా ఉండేది. అయినా ఆమె వీధి చివరనున్న మారెక్క ఇంటి ముందు నిలబడి, "మారెక్కా, నిప్పుండాదా?" అని అడిగేది. ఉంటే మారెక్క ఒక కణిక పెంకులో వేసి ఇచ్చేది. పొయ్యి వెలగని రోజు మాత్రం, "ఇంకా రాజెయ్యలేదక్కా" అనేది. అదొక్క మాట చాలు. నాగలక్ష్మమ్మ ఇంటికి వచ్చి, ఇంత సంగటి ముద్ద, దాని మీద ఊరిబిండి పచ్చడి పెట్టుకుని మళ్ళీ పోయి, "ఈ పొద్దు పిండి ఎక్కువ పోసినాను, మిగిలిపోయింది. చెడిపోతే పాపం కదా" అని గడప మీద పెట్టి వచ్చేది. తినడానికి లేదన్న మాట అటు మారెక్క నోట గానీ, ఇటు నాగలక్ష్మమ్మ నోట గానీ వచ్చేది కాదు.

మొగుడు బాలప్ప ఎగతాళి చేసేవాడు. "ఇంట్లో పొయ్యి మండతాంటే ఊళ్ళో నిప్పు అడుక్కునేదానివి నువ్వొక్కదానివేనే."

"ఇచ్చేదానికి ఆమెకూ ఏదో ఒకటి ఉండల్ల కదా" అనేది ఆమె.

నాగలక్ష్మమ్మది పామిడి దగ్గర పెన్న ఒడ్డు పల్లె. అయిదో తరగతి దాకా చదివింది. బత్తలపల్లె దగ్గరున్న ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు, ఏటి ఇసుక చూసి పెరిగిన కళ్ళకు ఈ ఎర్రనేల, ఈ రాళ్ళు చూసి ఏడుపు వచ్చిందట. తర్వాత అలవాటైపోయింది. శెనక్కాయ చేను, పాలిచ్చే ఒక ఎనుము, సోమవారం ఈశ్వరుని గుడి. ఇల్లంటే అన్నీ మంచిమాటలే వినిపించాలని ఆమె పట్టుదల. బియ్యం అయిపోతే నిండుకున్నాయనేది. దీపం ఆరితే కొండెక్కిందనేది. లేదనే మాట గోడలు వినకూడదనేది.

మారెక్క మొగుడు వెంకటప్ప కరువుకు కూలిపని కోసం బెంగళూరు పోయి, అక్కడ గోడ కూలి చనిపోయాడు. పిల్లలు లేరు. కళ్ళు కనపడని అత్త బయమ్మ, మారెక్క, ఇద్దరే. శెనక్కాయలు ఒలిచే కూలి ఉంటే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వరుసగా వానలు మోసం చేసిన ఆ ఏడు, ఒలవడానికి ఊళ్ళో ఎవరింట్లోనూ కాయల్లేవు. నాగలక్ష్మమ్మ పెంకు ఖాళీగా తిరిగొచ్చే రోజులే ఎక్కువైనాయి. తన కుండలో పిండి కూడా అడుగు కనిపిస్తూ ఉంది.

అట్లాంటప్పుడు బత్తలపల్లె నుంచి హరినాథ్ అనే కుర్రవాడు వచ్చాడు. బీదలకు సాయం చేసే పథకమొకటి వచ్చిందట. ఎవరు బీదలో, ఎవరికి ఏమి అక్కరో ఆఫీసులో కూర్చుని రాయకుండా, ఊరి జనం నోటి నుంచే తెలుసుకోవాలట. చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేస్తే దాంట్లో అక్కడున్న ఒక ముసలాయనను కూర్చోబెట్టి, తను చాప మీద కూర్చున్నాడు.

"చెప్పమ్మా, మీకేమి అక్కర?" అని మొదట నాగలక్ష్మమ్మనే అడిగాడు.

ఆమె అలవాటుగా, "దేవుని దయ నాయనా, ఏమీ తక్కువ లేదు. నీళ్ళు తాగతావా?" అంది.

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. పక్కనున్న హేమావతి మోచేత్తో పొడిచింది. "ఏమక్కా నువ్వు! ఆయప్ప ఇచ్చేదానికి వస్తే ఏమీ వద్దని పంపిస్తావా?"

"ఇంటికొచ్చినోళ్ళకు మన కష్టాలు చెప్తారేమే?"

"అడిగేదే కష్టాలు గదక్కా!"

నాగలక్ష్మమ్మకు ఏమీ పాలుపోలేదు. అడగకముందే తెలుసుకోవడం ఆమెకు తెలుసు. అడిగి తెలుసుకోవడమనేది ఎట్లాగో ఆమెకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం బడి ముందర నేల అలికించి, ఊరి బొమ్మ వెయ్యమన్నాడు హరినాథ్. ముగ్గు చెయ్యి బాగుంటుందని అందరూ నాగలక్ష్మమ్మనే ముందుకు తోశారు. వీధులు గీతలైనాయి. ఇళ్ళు నలుచదరం గళ్ళైనాయి. ఈశ్వరుని గుడి మధ్యలో గోపురంతో సహా నిలబడింది. అందరూ చుట్టూ మూగి, "అదిగో మా ఇల్లు, దానికి వాకిలి ఇటు పెట్టు" అని కేకలు.

అప్పుడు హరినాథ్ మూడు పళ్ళేలు తెప్పించాడు. "తెల్లటి ముగ్గుపిండి బాగా ఉన్నవాళ్ళ ఇంటి మీద వెయ్యండమ్మా. పసుపు మధ్యరకం వాళ్ళకు. కుంకుమ బొత్తిగా లేనివాళ్ళకు. ఏ ఊరికి పోయినా ఇంట్లో దొరికేవే కదా అని ఇవి పెట్టుకున్నాము. కుంకుమ పడిన ఇళ్ళకు వానలు పడేదాకా నెలనెలా బియ్యం వస్తాయి. ముసలివాళ్ళ కళ్ళు డాక్టరుకు చూపిస్తారు."

బయమ్మ కళ్ళు! నాగలక్ష్మమ్మ మనసులో ఈశ్వరునికి దండం పెట్టుకుంది. ఈ పథకం ఆ ఇంటి కోసమే వచ్చినట్టుంది అనుకుంది.

హరినాథ్ ఎండకు తాళలేక మంచినీళ్ళకని బడిలోకి పోయాడు. ఆడవాళ్ళు ఒక్కో ఇల్లు చెప్తుంటే నాగలక్ష్మమ్మ వంగి వేస్తూ పోయింది. అంగడి శ్రీరంగప్పకు ముగ్గుపిండి. తనకు పసుపు. కూలికి పోయే యేసన్న ఇంటికి కుంకుమ. చిటికెతో తీసి, ఇంటికి బొట్టు పెట్టినట్టే పెట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

వీధి చివరికి వచ్చింది. చిటికెలో కుంకుమ ఉంది. చెయ్యి కిందికి దిగలేదు.

ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరికీ బొట్టు లేదు. ఊళ్ళో మొగుడు పోయిన తక్కిన ఆడవాళ్ళు కొడుకుల దగ్గర, కోడళ్ళ మధ్య ఉన్నవాళ్ళే. బొట్టు పెట్టుకునే మనిషే లేని ఇల్లు అదొక్కటే. మారెక్క నుదుట కుంకుమ తుడిచిన రోజు, ఆమెను పట్టుకుని కూర్చున్నది నాగలక్ష్మమ్మే. ఇప్పుడు అదే చేత్తో, ఊరంతా చూస్తుండగా, ఆ ఇంటికి కుంకుమ పెట్టడమా?

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా తలలు దించుకున్నారు. మారెక్క కట్టెలకు పోయింది, అక్కడ లేదు. నాగలక్ష్మమ్మ చిటికెలోని కుంకుమను పళ్ళెంలోనే విదిలించి, కొంగు ముడి విప్పి, సోమవారం నాటి విభూతి పొట్లం తీసింది. ఇంత విభూతి మారెక్క ఇంటి మీద పెట్టి, "ఈశ్వరా, ఈ ఇల్లు నీదే" అని మొక్కుకుంది.

"బాగా చేసినావక్కా" అంది హేమావతి. అందరి మనసూ తేలికైంది. గుర్తుల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

మరునాడు సాయంత్రం హరినాథ్ అదే బొమ్మను పెద్ద కాగితం మీద దించుకుని వచ్చి, అందరి ముందు చదివాడు. బాగా ఉన్నవాళ్ళలో శ్రీరంగప్ప, ఇంకో ఇద్దరు, ఆ తర్వాత మారెక్క.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. శ్రీరంగప్ప ముందుగా తేరుకున్నాడు. "ఏమప్పా, మారెక్క మా జతకు చేరిందే! రేపట్నించి ఆయమ్మ ఇంటికాడికే కూలికి పోదాం పదండి!"

నవ్వులు లేచాయి. నాగలక్ష్మమ్మ లేచి నిలబడింది. "తప్పు నాయనా. ఆ ఇంట్లో ఏమీ..." అని ఆగిపోయింది. లేదనే మాట ఎంతకూ నోటికి రాలేదు.

"మీరే తెల్లది వేసినారు కదమ్మా?" అన్నాడు హరినాథ్.

"తెల్లది కాదు నాయనా, అది విభూతి."

"విభూతి అంటే ఏ గుర్తమ్మా?"

"గుర్తు కాదు. విభూతి."

"మరి ఎందుకు పెట్టినారు?"

"కుంకుమ పెట్టకూడదని."

"అంటే వాళ్ళు బీదవాళ్ళు కాదనా?"

"అయ్యో, వాళ్ళకంటే బీదోళ్ళు ఊళ్ళో యాడుండారు!"

హరినాథ్ కాగితం వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు. హేమావతి అతని దగ్గరికి పోయి మెల్లగా విడమరిచి చెప్పింది. అతని మొహం వాడిపోయింది. "ఈ సంగతి నాకు తట్టనే లేదమ్మా. తప్పు నాది. కానీ గుర్తులు మండలమంతా ఇవే, ఇప్పుడు నేను మార్చలేను. రేపు పొద్దున పెద్దసారు వచ్చి బొమ్మ చూస్తారు. అప్పటిలోగా ఊరివాళ్ళే కుంకుమ పెడితే సరిదిద్దుకుంటాను. పెట్టకపోతే ఇదే ఖాయమైపోతుంది."

ఇంటికి వస్తూనే నాగలక్ష్మమ్మ మొగుణ్ణి అడిగింది. "పెట్టేదా?"

"పెట్టు. బియ్యం వస్తాయి కదా" అన్నాడు బాలప్ప. ఒక ముద్ద తిని, "వద్దులే, ఊళ్ళో నలుగురూ నాలుగు మాట్లాడతారు" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "అయినా పెట్టు" అన్నాడు.

"ఏదో ఒకటి చెప్పు."

"నాకేం తెలుసే? మీ ఆడోళ్ళ సంగతి."

దేవుని గూటి ముందు కూర్చుని అదే తలపోసింది. కుంకుమ పెడితే మారెక్క పుండును అందరి ముందూ కెలికినట్టు. పెట్టకపోతే ఆమె కడుపు కొట్టినట్టు. మంచి అనుకుని పెట్టిన విభూతి చెడు ఎట్లా చేసిందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

తెల్లవారి నాగలక్ష్మమ్మ పెంకు పట్టుకుని మారెక్క వాకిట నిలబడింది. అడగాల్సిన మాటే మరిచిపోయింది.

"ఏమక్కా, నిప్పా?" అంది మారెక్క, గడప మీద కూర్చుని తల దువ్వుకుంటూ. "మీ ఇంటి పొగ ఈడికి కనపడతానే ఉండాది."

నాగలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. "నీకు తెలుసునా?"

"మొదట్నించీ తెలుసు. నువ్వు అడగతాంటే బాగుంటాది, అందుకే ఊరికే ఉంటి."

నాగలక్ష్మమ్మ అక్కడే కూలబడి, బొమ్మ సంగతి, విభూతి సంగతి, శ్రీరంగప్ప నవ్విన సంగతి అంతా చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. మారెక్క దువ్వెన పక్కన పెట్టింది.

"సచ్చిపోయింది మా ఆయప్ప కదక్కా. ఇల్లు కాదు కదా."

"అంటే?"

"నాకు బొట్టు తీసినారు, సరే. ఇంటికి గూడా తీసినారా?"

లోపలి నుంచి ముసలి బయమ్మ, "ఏమే, ఎవరే ఏడ్చేది?" అంది.

"ఎవరూ కాదత్తా. నాగలచ్చమ్మక్క మనల్ని షావుకార్లను చేసింది" అంది మారెక్క. అని నవ్వింది. ఆ నవ్వుకు నవ్వాలో ఏడవాలో నాగలక్ష్మమ్మకు తెలియలేదు.

ఇద్దరూ కలిసి బడి ముందుకు పోయారు. అప్పటికే జనం చేరారు. హరినాథ్ కుంకుమ పళ్ళెం నాగలక్ష్మమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె వంగింది. మారెక్క పక్కనే ఉంది, ఒప్పుకుంది కూడా. అయినా చెయ్యి మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏంటికక్కా అట్లా జంకుతావు?" అంటూ మారెక్క పళ్ళెంలో వేలు పెట్టింది.

ఎవరో ముసలామె, "అయ్యో!" అంది. మారెక్క మోకాళ్ళ మీద కూర్చుని, విభూతి పక్కనే, తన ఇంటి మీద ఎర్రగా ఒక చుక్క పెట్టింది. హరినాథ్ కాగితం మీద గుర్తు దిద్దుకున్నాడు. పని అయిపోయింది.

మారెక్క లేచి నిలబడింది. వేలికి ఇంకా కుంకుమ అంటుకునే ఉంది. ఎంతో కాలానికి అంటిన ఆ ఎరుపును ఒకసారి చూసుకుని, ఎవరైనా ఏమైనా అంటారేమోనని, చీర చెంగుకు తుడుచుకోబోయింది.

నాగలక్ష్మమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. చేస్తున్నది తప్పో ఒప్పో ఆమెకు అప్పుడు కూడా తెలియదు. కొంగు భుజం మీదికి సర్దుకుని, నుదురు ముందుకు వంచింది.

"తుడవద్దు మారెక్కా. పొద్దున్నుంచి ఈ తిరుగులాటలో నేను బొట్టు పెట్టుకునేదే మరిచినాను. ఆ వేలితో నాకింత బొట్టు పెట్టు తల్లీ."