నెట్ కింద పదిహేను నిమిషాలు

అక్టోబర్ మొదటి వారంలో సరిహద్దులోని ఆ ఆర్మీ పోస్టుకు చేరాను. పన్నెండు వేల అడుగుల ఎత్తు. చెట్టన్నది లేదు, అంతా రాయే. బంకర్ మీద మట్టిరంగు నెట్ పరిచి, దానికి ఎండుగడ్డి గుచ్చేవాళ్లం. అవతలి వాళ్లకు కనబడకుండా ఉండడమే మా మొదటి డ్యూటీ.

మాది జవళగేర. రేడియో ఆపరేటర్‌ది మా జిల్లాలోనే యరమరస్, నాకంటే రెండేళ్లు చిన్న. పోస్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

నవంబర్లో ఒక ఉదయం మిగతా ముగ్గురూ రేషన్ కోసం కిందికి దిగారు. పది ఇరవైకి గాలికి నెట్ అంచు లేచింది.

"నేను కట్టొస్తనన్నా," అని చిన్న రేడియో సెట్ భుజానికి తగిలించుకుని ఆపరేటర్ బయటికెళ్లాడు.

మోర్టార్ గుండు పడింది. ముప్పై అడుగుల దూరంలో కాలు నుజ్జయి కూలిపోయాడు.

బంకర్లోని సెట్‌లో సంగతి చెప్పాను. కింది క్యాంపు నుంచి కమాండర్ గొంతు. "ఎవరూ కదలొద్దు. నెట్ కిందే ఉండండి."

ఉన్నాను. అది ఆర్డరు.

పది ముప్పైకి మళ్లీ అదే గొంతు. "కాల్పులు ఆగాయి. వెళ్లి అతన్ని లోపలికి లాగు."

స్పష్టంగా విన్నాను. లేవలేదు. "అన్నా..." అని ఆపరేటర్ పిలిచాడు. నేలకు మొహం ఆనించుకున్నాను. అప్పటిదాకా శత్రువు నుంచి దాక్కున్నాను. ఆ తర్వాత నన్ను పిలుస్తున్నవాడి నుంచి దాక్కున్నాను.

పది నలభై ఐదుకు వెళ్లి ఈడ్చుకొచ్చాను. ఆస్పత్రిలో మోకాలి పైదాకా కాలు తీసేశారు. ముందే తెచ్చి ఉంటే దక్కేదేమో అన్నాడు డాక్టర్. విచారణలో నేను, "సెట్‌లో గరగర. రెండో ఆర్డరు వినబడలేదు," అని రాసిచ్చాను. నమ్మారు. ఈడ్చుకొచ్చినందుకు మెచ్చుకున్నారు కూడా.

రిటైరై ఇంటికొచ్చిన రెండు నెలలకు గానీ యరమరస్ వెళ్లే ధైర్యం రాలేదు. వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"తమ్ముడూ, ఆ రోజు రెండో ఆర్డరు నాకు..."

"ఎరుకన్నా. నా భుజం మీది సెట్ల గూడ ఇనొచ్చింది."

"మరి విచారణలో చెప్పలేదేంట్రా?"

"ఏం చెప్పాలె? నీ జాగల నేనుంటే లేస్తుంటినో లేదో."

ఇంతలో వాడి భార్య చాయ్ తెచ్చింది.

"ఈ అన్ననే నన్ను మోసుకొచ్చింది," అన్నాడు వాడు.

ఆమె చాయ్ కింద పెట్టి నా కాళ్లకు దండం పెట్టింది. కాదని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా.

వంగిన ఆమె తల. ఆ వెనక, చెప్పొద్దని మెల్లగా అడ్డంగా ఊగుతున్న వాడి తల. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే.