చేటలో తెల్ల గింజలు

నా పేరు అప్పలనర్సమ్మ. డెబ్బై నాలుగేళ్లుంటాయి. మా అమ్మ నోటి లెక్క తప్ప దానికి కాగితం లేదు. భిలాయి క్యాంప్ వన్‌లో ఉంటాను. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, మనవరాలు లావణ్య, నా కూతురు పైడి. పైడికి పుట్టినప్పటి నుంచీ వినపడదు, మాట రాదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా సందు మొగలో కిరాణా కొట్టు నడిపే సత్యం. మాట మార్చొద్దని ముందే చెప్పాను. భాష దిద్దుతాను గానీ మాట మార్చనన్నాడు.

మా పక్కింటి టీచరమ్మ పోయింది. ఆ కబురు నాకు చెవిన పడలేదు, కంటపడింది. పొద్దున్నే కుళాయి కింద బిందె పెట్టుకుని నిలబడి ఉంటే పైడి ఆవిడ గుమ్మంలోంచి బయటికొచ్చింది. రెండు వేళ్లు తన కొప్పు దగ్గర పెట్టుకుంది. టీచరమ్మ ఎప్పుడూ కొప్పులో ఎర్ర పెన్ను గుచ్చుకునేది గనుక మా ఇంటి సైగల్లో ఆవిడ పేరు అదే. తరవాత ఇంక లేదని అరచెయ్యి వెల్లకిలా తిప్పి అలాగే ఉంచేసింది. బిందె పొర్లిపోతోందని వెనకనున్నావిడ హిందీలో కేకలేస్తోంది. నేను కదల్లేదు.

ఆవిడ సంతాప సభలో చదవడానికి నాలుగు మాటలు చెప్పమని మన తెలుగువాళ్లు అడిగారు. చెబుతాను. అయితే నాకొక తగువు ఉంది, అది కూడా ఇందులోనే చెబుతాను. ఇక్కడికి దగ్గర్లోనే చరోదాలో మా తమ్ముడి ఇంట్లో గౌరి అని ఒక పిల్ల ఉంది. వాడి మనవడి పెళ్లాం. దాని చంటిపిల్లాడు చప్పుడికి తల తిప్పడం లేదు. గ్రహణం పూట ఆ పిల్ల కత్తిపీట ముట్టుకుందట, అందుకే అలా పుట్టాడట. ఇల్లంతా అదే మాట. ఆ మాట అబద్ధం. అబద్ధమని నాకు తెలియజెప్పిన మనిషి ఇప్పుడు లేదు. ఆ పిల్ల తరఫున నోరు విప్పడానికి నేనే మిగిలాను.

నాకు ఎలా తెలుసో చెప్పాలి గదా. నాది మేనరికం. మా అమ్మ తమ్ముడినే చేసుకుని, ఆయనకు ఉక్కు ప్లాంటులో పని దొరికితే ఇక్కడికి వచ్చాను. నా అత్తగారు వేరే మనిషి కాదు, మా అమ్మమ్మే. నన్ను ఒళ్లో పెట్టుకుని గోరుముద్దలు తినిపించిన మనిషి. పైడి కడుపులో ఉండగా ఒక గ్రహణం పట్టింది. ఆయనకు ఆ రోజు రెండో షిఫ్టు. డబ్బా కట్టివ్వాలి గదా అని నాలుగు వంకాయలు తరిగాను. పిల్ల పుట్టాక, పళ్లెం పడేసినా పక్కకు చూడటం లేదని తెలిశాక, అమ్మమ్మ నా చేతి అన్నం తినడం మానేసింది. తన పొయ్యి వేరే పెట్టుకుంది. ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. మా ఊరి నుంచి ఎవరు వచ్చినా ముందు పైడిని చూసేవారు, తరవాత నన్ను చూసేవారు. ఇంక అనడం ఎందుకు, ఆ చూపు చాలు.

పైడి కుట్టుమిషన్ నేర్చుకుంటున్న రోజుల్లో టీచరమ్మ పక్కింట్లో దిగింది. ఆవిడ బళ్లో జీవశాస్త్రం చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను ‘అప్పా’ అనేది. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. ఎవరు ఏం చెప్పినా ఆవిడ అడిగేది ఒక్కటే, నీకెలా తెలుసు అని. సుపేలా బజార్లో మామిడిపళ్ల వాడు ఇది అసలు దసేరీ అమ్మా అంటే వాడినీ అదే అడిగేది. వాడు ఆవిణ్ణి చూస్తే బండి తోసుకుని పోయేవాడు.

ఒకనాడు పైడి సంగతి వచ్చి గ్రహణం మాట చెప్పాను. వెంటనే అదే ప్రశ్న. నాకు ఒళ్లు మండింది.

“కన్నదాన్ని నాకు తెల్దేటి?”

“ఆ రోజు ఈ సందులో కడుపుతో ఉన్నది నువ్వొక్కదానివేనా అప్పా?”

కాదు. ఎదురింటి ఒడియా ఆవిడకు ఎనిమిదో నెల. ఆ పూట ఆవిడ చేపలు తోమింది, కోసింది, వేయించింది, మాకూ పంపింది. ఆవిడ కొడుకు ఇప్పుడు దుర్గ పూజలో మైకు పట్టుకుంటే సందులో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ సంగతి నా నోటితో నేనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సాసర్ కింద పెట్టి, మీ ఇంట్లో నువ్వూ మీ ఆయనా ఉంటే సందులోకి ఎవరి గొంతు వినపడుతుంది అని అడిగింది.

“నాదే. ఆయన గొంతు ఆయనకే వినపడదు.”

“మరి ఆయన ఇంట్లో లేనట్టా?”

అక్కడ మొదలుపెట్టింది. మనిషి ఒంట్లో ప్రతి గుణానికీ రెండు గింజలుంటాయట, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒకటి గట్టిగా మాట్లాడేది, ఇంకొకటి అణిగి ఉండేది. పుస్తకాల్లో వాటికి బహిర్గతం, అంతర్గతం అని పేర్లున్నాయట. గట్టిది ఒక్కటి ఉంటే చాలు, దాని మాటే చెల్లుతుంది. అణిగినది లోపలే ఉంటుంది, కనపడదు, చావదు. బిడ్డకు రెండు వైపుల నుంచీ అణిగినవే వచ్చి పడితే అప్పుడు బయటపడుతుంది.

నాకు ఎక్కలేదు. ఆవిడ లేచి నా చేట తీసుకుంది. వంటింట్లోంచి ఎర్ర రాజ్మా, తెల్ల రాజ్మా తెచ్చింది. చేటలో ఒక పక్క ఒక ఎర్రది, ఒక తెల్లది పెట్టి, ఇది నువ్వు అంది. రెండో పక్క ఇంకొక ఎర్రది, తెల్లది పెట్టి, ఇది మీ ఆయన అంది. ఇద్దరికీ ఎర్రది ఉంది గనుక ఇద్దరికీ వినపడుతుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని అటొకటి ఇటొకటి తియ్యమంది. తీశాను. రెండు ఎర్రవి. మళ్లీ పెట్టి తియ్యమంది. ఎర్రదీ తెల్లదీ. అలా తీస్తూ ఉంటే ఒకసారి నా అరచేతిలో రెండు తెల్లవి వచ్చాయి.

“అది పైడి” అంది టీచరమ్మ. “ఇందులో నీ తప్పేం ఉందో చూపించు.”

నేను ఆ చేట పక్కన చాలాసేపు కూర్చున్నాను. మా ఆయన వచ్చి అన్నం అడిగితే పెట్టలేదు. ఆయన్నీ కూర్చోబెట్టి తీయించాను. మర్నాడు పొద్దున చూస్తే, అమ్మమ్మ పోయాక మూల వదిలేసిన ఆ రెండో పొయ్యిని గునపం పెట్టి పగలగొడుతున్నాడు.

మనకి తెల్ల గింజలు ఎక్కువగా ఎందుకు కలుస్తాయో కూడా ఆవిడే చెప్పింది. ఊరు వదిలి ఇంత దూరం వచ్చి, బయటి సంబంధం నమ్మలేక మనలో మనమే ఇచ్చిపుచ్చుకుంటాం. మా ఆయనా మా అమ్మా ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఒక తెల్ల గింజ ఉంటే, అది ఇద్దరికీ వచ్చి, అమ్మ నుంచి నాకు వచ్చి, మళ్లీ నా ఇంట్లోనే ఆయన గింజతో కలిసింది. మేనరికం చేసుకుంటే ఇలాగే అవుతుందని కాదు, అయ్యే వీలు పెరుగుతుంది, అంతవరకే అనేది. అంతకు మించి అనలేదు. ఇది అందరూ వినాలి, ఎందుకంటే ఆవిడ పోయాక కూడా జనం వేరేగా చెప్పుకుంటున్నారు.

లావణ్యను తన మనవడికి చేసుకుంటానని మా తమ్ముడు అడిగినప్పుడు జరిగింది ఇదీ. వరసైన సంబంధం, పిల్లవాడు మంచివాడు. నేనే చరోదా వెళ్లాను. ముందు ఇద్దరినీ రాయపూర్‌లో డాక్టరుకు చూపించి, రక్తం పరీక్ష చేయించి, ఆ తరవాత ముహూర్తం పెట్టుకుందాం అన్నాను. లావణ్య కూడా పక్కనే ఉండి, “టెస్ట్ కరాలేంగే తాతా, ఇందులో జగడా ఏముంది?” అంది, చేయించుకుంటాం అని. మా తమ్ముడు ముఖం ఎర్రగా చేసుకున్నాడు. వాడి ఎడమ చేతికి ఆరో వేలు ఉంది. మా నాన్నకూ ఉండేది, వాడి కొడుక్కీ ఉంది, మనవడికీ ఉంది. ఆ చెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

“ఇదీ మా ఇంటి నెత్తురు. ఇందులో సెవుడు ఏటుంది? నువ్వు సేసిందానికి మా మీద పడతావేటి అప్పా?”

నేను ఊరుకునే మనిషిని కాదని మీకు తెలుసు. ఆరో వేలు ఎర్ర గింజరా, ఒక్క వైపు నుంచి వచ్చినా కనపడుతుంది, కనపడింది గనుక మా వంశం అంటున్నావు, కనపడనిది మాత్రం ఆడదాని నెత్తిన వేస్తున్నావు అన్నాను. వాడు మా చెప్పులు తీసి వీధిలో పెట్టాడు. ఆ రోజు నుంచి మాకు రాకపోకలు లేవు. పెళ్లి కాని టీచరు పెళ్లిళ్లు చెడగొడుతుందని వాళ్లు చాటారు. మన సందులోనూ కొందరు ఆవిడతో మాట మానేశారు. ఆవిడ శవం లేచినప్పుడు ఆ గుమ్మం ముందు ఎంతమంది నిలబడ్డారో నిలబడనివాళ్లకే తెలుసు. సంబంధం వదులుకున్నది మేము. ఆవిడ వద్దనలేదు.

ఇంకొక మాట కూడా దాచను. ఈ గొడవంతా చూసిన పైడికి కోపం వచ్చింది. నేను అక్కడ ఉండగానే టీచరమ్మ ఇంటికి వచ్చి, తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. నాలాంటిది పుట్టకూడదనేగా మీ పరీక్షలు అని. టీచరమ్మకు మా ఇంటి సైగలన్నీ వచ్చు. ఆవిడ పైడిని చూపించి, నన్ను చూపించి, నా నెత్తి మీంచి ఏదో మూట దించినట్టు చేసింది. మీ అమ్మ నెత్తిన బరువు దించడానికి చెప్పాను, నిన్ను కాదనడానికి కాదు అని. పైడి ఒప్పుకోలేదు. కొన్నాళ్లు ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడ తన జాకెట్లన్నీ పైడి చేతే కుట్టించుకునేది. ఆ కొన్నాళ్లూ చిరిగిన జాకెట్టే వేసుకుని తిరిగింది, వేరే దర్జీకి ఇవ్వలేదు. అది చూసి పైడే మళ్లీ వెళ్లింది.

తరవాత మా ఆయన పోయాడు. మా తమ్ముడు రాలేదు. నన్ను ‘అప్పా’ అని పిలిచేవాళ్లు ఆవిడ తప్ప ఎవరూ మిగలలేదు. మా ఇంట్లో పిల్లలు హిందీ మాట్లాడతారు, నా మాట వాళ్లకు సగం అందుతుంది. సాయంత్రం ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడ్డాక మేమిద్దరం అరుగు మీద కూర్చునేవాళ్లం. కొన్నిసార్లు ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇప్పుడు కూడా కూర్చుంటున్నాను. ఏదైనా గుర్తొచ్చి చెబుదామని ఆ పక్కకు తిరిగి, నోరు మూసుకుంటున్నాను.

ఆవిడ కర్మ అయిన మర్నాడు మా గుమ్మం ముందు ఆటో ఆగింది. మా తమ్ముడు దిగాడు. వెనకాల గౌరి, ఒళ్లో చంటిపిల్లాడు. ఆ పిల్ల మా అక్క కొడుకు కూతురే, లావణ్యను అడిగిన ఆ మనవడికే విజయనగరం వైపు నుంచి తెచ్చుకున్నారు. దానికి హిందీ రాదు, చరోదాలో అయినవాళ్లు లేరు. మా తమ్ముడు నా వైపు చూడకుండా పక్కింటి తాళం వైపు చూశాడు.

“టీచరమ్మ లేదేటప్పా?”

లేదని చెప్పాను. వాడు అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. పిల్లాడి చెవులు పరీక్ష చేయించమని డాక్టరు అన్నాడట, ఇంకా చేయించలేదట. గ్రహణం నాడు గౌరి కూర తరిగిన సంగతి నెమ్మదిగా ఎత్తాడు. గౌరి తల వంచుకుని ఉంది. నేను ఆ తల వంచుకోవడం చూశాను. అలా వంచుకుని నేను ఎన్నేళ్లు బతికానో నాకు తెలుసు. నాకు వాడి మీద గెలిచాననిపించలేదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని చూపించాను. ఎడమ చేతికి ఆరో వేలు.

“ఇదెవరిదిరా?”

“మాది.”

“మరి సెవులు మాత్రం ఆ పిల్లవేటి?”

చేట తెచ్చి వాడి ముందు పెట్టి గింజలు తీయించాను. టీచరమ్మ చెప్పినట్టు నాకు రాలేదు, మధ్యలో తప్పాను, గౌరి బళ్లో చదువుకున్నదేనట, సరిచేసింది. పిల్లాడికి వినపడుతుందో లేదో నాకు తెలియదు, డాక్టరు చెబుతాడు. వినపడకపోతే ఏ గింజల వల్లో కూడా డాక్టరే చెప్పాలి. ఏది ఏమైనా ఆ పిల్లను అనొద్దు. దాని పొయ్యి వేరు చెయ్యొద్దు. చరోదాలో ఉన్న మనవాళ్లందరి ముందూ ఈ మాట చదవాలి. నా తగువు ఇదే.

మేము ఇటు మాట్లాడుకుంటూ ఉంటే పైడి మిషన్ దగ్గర నుంచి లేచి వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంది. అందరూ వాడి ముందు చప్పట్లు కొడతారు, గిలక్కాయ ఊపుతారు, తిరుగుతాడా అని చూస్తారు. పైడి అదేమీ చేయలేదు. వాణ్ణి మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని, రెండు చేతులూ వాడి కళ్ల ముందుకు తెచ్చి, నీళ్లు, కాకి, అన్నం, అమ్మ, అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. వాడి కళ్లు ఆ వేళ్ల వెంటే తిరిగాయి. అంత మాట దాని దగ్గర ఉందని నాకే తెలియదు.

చీకటి పడుతోందని మా తమ్ముడు లేచాడు. గౌరి పిల్లాణ్ణి తీసుకుంది. పైడి వీధి దాకా వెళ్లింది. ఆటో సుపేలా రోడ్డు వైపు తిరిగిపోయింది, సందు ఖాళీ అయింది. పైడి అక్కడే నిలబడి ఉంది. దాని చేతులు ఇంకా పైకెత్తే ఉన్నాయి, చెప్పబోయిన మాట వేళ్లలో అలాగే ఆగిపోయి.

చదివించుకుని విన్నాను. నా మాటే.
అప్పలనర్సమ్మ, ఎడమ బొటనవేలి గుర్తు.

నా ఎదుట చెప్పగా రాసినవాడు: సత్యం, కిరాణా కొట్టు.
పక్కనుండి విన్నది: లావణ్య, మనవరాలు, హిందీలో సంతకం.
పక్కనుండి చూసింది: పైడి.