రాజమ్మత్త కామెంటరీ

నిన్న చెన్నైలో పురసవాక్కం సిగ్నల్ దగ్గర ఆగితే, పక్క ఆటో డ్రైవరు ఫోనులోంచి ఇంగ్లీషులో క్రికెట్ కామెంటరీ వినిపించింది. జనం హోరు, దాని మీద ఎక్కడా తడబడని ఆ గొంతు. ప్రాణం లేచొచ్చినట్టయింది. నాకు ఇంగ్లీషు నేర్పిన రాజమ్మత్త గుర్తొచ్చింది. ఆమె మా నాన్నకు అక్క. చదివింది తెలుగు మీడియంలో ఎనిమిదో తరగతి. ఆమె పోయి ఏళ్లవుతున్నా, ఇప్పటికీ తలుచుకోని వారం ఉండదు.

జార్జి టౌన్‌లో కింద మా స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు, పైన ఇల్లు. గిన్నెలకు చుట్టి వచ్చిన ఇంగ్లీషు పేపర్లను అత్త విప్పి, చేత్తో సాపు చేసి, గట్టిగా చదివేది. షాంపూ సీసా మీది అక్షరాలను కూడా వదిలేది కాదు. మ్యాచ్ ఉందా, ఇక చెప్పనే అక్కర్లేదు. కాసేపు విని, టీవీ సౌండ్ తీసేసి, మిగతా ఆటంతా తానే ఇంగ్లీషులో చెప్పేది. ఆట లేని రోజు బాల్కనీలో నిలబడి వీధికి కామెంటరీ! "ఎదురింటి తాత గొడుగు విప్పుతున్నాడు, ఎండా లేదు, వానా లేదు, ఆయన ఉద్దేశం తెలియడం లేదు" అని ఆమె ఇంగ్లీషులో అందుకుంటే, కింద నాన్న తల పట్టుకునేవాడు. తప్పులా? బోలెడు. ఆమె వాటిని ఖాతరు చేస్తేనా!

నేను బీకాం ఫస్టుక్లాసు. అయినా రెండు ఇంటర్వ్యూల్లో నోట మాట రాలేదు. మూడోదీ పోతే కొట్టులో కూర్చోవాల్సిందేనని నాన్న తేల్చేశాడు. కొట్టు తక్కువని కాదు, నాకంటూ ఒక ఉద్యోగం కావాలని నా ఆశ. ఏడుస్తూ కూర్చున్న నా దగ్గరికి అత్త వచ్చింది.

"ఏందే ఈ ఏడుపు? నీకు ఇంగ్లీషు రాకేం కాదు, నోరే లేవటం లేదు."

"ఏం చెప్పాలో తోచదత్తా."

"తోచకపోతే పోనీ. కండ్లుండాయి గదా? చుమ్మా, ఊరికే ఈడ కనిపించేది చెప్పు. నవ్వేవోళ్లు నవ్వనీ, వాళ్ల పండ్లు, వాళ్ల ఇష్టం."

ఆ మర్నాటి నుంచి బాల్కనీలో ఇద్దరం. వీధి పిల్లలు వెక్కిరించారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, కానీ మానలేదు.

మూడో ఇంటర్వ్యూ హార్బరు దగ్గర ఒక సరుకు రవాణా ఆఫీసులో. నా గురించి చెప్పమన్నారు. బిక్కమొహం వేసి కిటికీలోంచి చూశాను. కింద సందు మలుపులో మూటల తోపుడుబండి ఒకటి సిటీ బస్సుకు అడ్డంగా ఇరుక్కుంది. ఏమైతే అదైందని దాన్నే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. బస్సు కదలదు, బండి జరగదు, కండక్టరు దిగి బండివాడి మీద అరుస్తున్నాడు, పూలమ్మే ఆవిడ ఇద్దరికీ తీర్పు చెబుతోంది. ఎదుట కూర్చున్న ముగ్గురూ లేచి కిటికీ దగ్గరికి వచ్చేశారు! వాళ్లలో పెద్దాయన నవ్వుతూ, "చాలమ్మా, ఇప్పుడు నీ సంగతి చెప్పు" అన్నాడు. ఈసారి గడగడా చెప్పేశాను.

ఉద్యోగం వచ్చిందని తెలియగానే అత్తకు జరిగిందంతా చెప్పాను. నన్ను కావలించుకుని ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని వెంటనే అడిగింది.

"సరే, ఆ బండి బయటపడిందా, లేదా?"

"తెలీదత్తా. వాళ్లు చాలన్నారు."

"వాళ్లు చాలంటే? మొదలుపెట్టినాక కడదాకా చెప్పాల గదే!"

అప్పుడు పడీ పడీ నవ్వాను. ఇప్పుడు మీటింగులో ఎవరైనా నా మాటకు అడ్డొస్తే, ఎంత పెద్దవాళ్లయినా సరే, "ఒక్క నిమిషం, నన్ను పూర్తి చేయనివ్వండి" అంటాను.