వెనక సీటులో మా సారు

మాకు గ్లైడరు నడపడం నేర్పిన సారు పోయారని పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. "అట్లనా" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన బెండకాయలు తరిగి కూర కూడా వండాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

గ్లైడరు విమానానికి ఇంజను ఉండదు. గాలి నిలబెట్టినంతసేపే పైన ఉంటాం, లేదంటే దొరికిన చోట దిగాలి. అందుకే సారు మేం రన్‌వేకు వెళ్లే తొర్రూరు బస్సులో దారిపొడుగునా కిటికీలోంచి చేలు చూపించి, "ఈడ దిగుతవా?" అని అడిగేవారు. నేను ఆలోచించేలోపు ఆ చేను వెనకబడిపోయేది. "పైన ఉన్నప్పుడే ఎంచుకోవాలె బిడ్డా. కిందికొచ్చినంక ఏది దొరికితే అదే" అనేవారు. పక్క సీటువాళ్లు మమ్మల్ని రియల్ ఎస్టేట్ వాళ్లనుకునేవారు.

నిజంగా దిగాల్సి వచ్చిన రోజు ముందు సీటులో నేను, వెనక ఆయన. గాలి పడిపోయింది. రన్‌వే దాకా చేరలేమని తెలిసిపోయింది. మెత్తగా కనిపించిన పచ్చటి చేను వైపు తిప్పబోయాను.

"అది పత్తి బిడ్డా. నడుముల దాక ఉంటది, రెక్కను పట్టి గుంజుతది. ఎడమ దిక్కు మక్క కోసి సాపు చేసిన చేను చూడు. కరెంటు తీగలు కనబడయి, స్తంభాలు చూసుకో. ఫికర్ చెయ్యకు, నువ్వే దించు."

బస్సులో అడిగే గొంతే అది. చక్రం మట్టిని తాకి, ఎగిరెగిరి ఆగింది. ఒక రెక్క మెల్లగా నేలకు ఒరిగింది. నేను లేవబోతుంటే వెనకనుంచి అన్నారు, "జర కూసో. నా కాళ్లు వణుకుతున్నయి."

ఆయన ముందు కూడా ఒక కంట్రోలు కర్ర ఉంది, దాన్ని కదిపితే నా చేతిలోదీ కదులుతుంది. అంత భయంలోనూ దాన్ని ముట్టుకోలేదు. నాలో ధైర్యమంటూ ఏదైనా ఉంటే అది ఆయన ఆ రోజు ఇచ్చిందే.

ఇంతలో కూలీలు పరుగెత్తుకొచ్చారు. ఒక అవ్వ గ్లైడరు చుట్టూ తిరిగి చూసి, "ఇంజను యాడ పడ్డదో చూడుండ్రి" అని మగవాళ్లను పక్క చేలల్లోకి తోలింది. వాళ్లు నిజంగానే వెతికారు. సారు నవ్వలేదు. వాళ్లతో వచ్చిన ఆ చేను రైతుకు దండం పెట్టి, "అడగకుంట మీ చేన్ల దిగినం, ఏమనుకోకు తమ్మీ" అన్నారు.

ఇవాళ మధ్యాహ్నం కాశిబుగ్గలో సారు వాళ్లింటికి వెళ్లాను. ఆయనను చాప మీద పడుకోబెట్టి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టారు. దండ వేసి నిలబడ్డాను. ఆ కాళ్లు కదలడం లేదు. నావి వణకడం మొదలైంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.