తొక్కుడుబిళ్ళ ఆడి కొన్న బూట్లు

ఇలా దగ్గరకు జరగండి. ఆ దిండు వీపు వెనక పెట్టుకుని, కాళ్ళు బారజాపుకుని కూర్చోండి. చదువుకున్నవాళ్ళలా అందంగా చెప్పడం నాకు రాదు, హైస్కూలు దాటి నేను పోలేదు. కానీ ఒకసారి చూసింది మరిచిపోవడం మాత్రం నా వల్ల కాదు.

ఇవాళ పొద్దున మా శాన్ రామన్ ఇంట్లో మా అమ్మాయి కొత్త బూట్ల పెట్టె మూత తీసిందో లేదో, అడుగు రబ్బరు వాసన గుప్పుమని వంటింటిదాకా వచ్చేసింది. మామూలు బూట్ల వాసన కాదది. బడి తెరిచిన రోజు కొత్త రబ్బరు ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే వాసన, ఎండలో వేలాడేసిన సైకిలు ట్యూబు వాసన, ఈ రెండింటి కిందా పాకం కాస్త ముదిరినప్పుడు వచ్చే తీపి చిరుచేదు. నాలుగు గోడల మధ్య ఆడే స్క్వాష్ ఆట బూట్లకే ఉంటుందది. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. నాకు ఉన్నపళంగా పదకొండేళ్ళు వచ్చేశాయి.

అప్పట్లో మేం ఇక్కడే అమెరికాలో, సన్నీవేల్‌లో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా నాన్నకి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి, గుడివాడ నుంచి ముగ్గురం వచ్చిపడ్డాం. రెండంతస్తుల అపార్ట్‌మెంట్లు, మధ్యలో పచ్చిక, పక్కన కార్లు పెట్టుకునే చోటు. శనివారం పొద్దున్నే ఏ కిటికీ కింద నిలబడ్డా ఇంగువ పోపు వాసనే. ఒకరింట్లో సాంబారు, ఇంకొకరింట్లో దొండకాయ వేపుడు, కళ్ళు మూసుకుని నడిచినా ఏ ఆంటీ ఇల్లు వచ్చిందో పిల్లలం చెప్పేసేవాళ్ళం. చలి మొదలయ్యే వేళకి వెనకింటి పెర్సిమన్ చెట్టు ఆకులన్నీ రాల్చేసి, ఎవరో దీపాలు వేలాడేసినట్టు ఎర్రటి కాయలతో ఒంటరిగా నిలబడేది. ఆ రోజుల్లోనే అట్లతద్ది. గోరింటాకు చెట్టు అక్కడెక్కడిది, పొడిని టీ డికాక్షన్‌లో నానబెట్టి అమ్మ నా చేతులకీ కాళ్ళకీ పెట్టేది. పొద్దు పొడవకముందే లేపి గోంగూర పచ్చడితో ఒక ముద్ద, గడ్డపెరుగుతో ఒక ముద్ద తినిపించి, మంచుకి తడిసిన పచ్చికలోకి తోలేది. పిల్లలు ఆడుకునే గొలుసుల ఉయ్యాలే మాకు అట్లతద్ది ఉయ్యాల.

ఉయ్యాల అయ్యాక అమ్మ సుద్దముక్క తీసుకుని, కార్లు లేని చోట గడులు గీసేది. చున్నీ నడుముకి బిగించి, బిళ్ళ విసిరి, ఒంటికాలి మీద గెంతుతూ ఆఖరి గడిదాకా వెళ్ళి, అక్కడ మునివేళ్ళ మీద గిర్రున తిరిగి, మడమ నేలకి తగలకుండా వెనక్కి వచ్చేది. గుడివాడలో వాళ్ళ వీధి మొత్తం మీద తొక్కుడుబిళ్ళలో అమ్మని ఓడించినవాళ్ళు లేరట. సన్నీవేల్‌లోనూ లేరు, అది నేను కళ్ళారా చూశాను.

నాకు చదువు అబ్బలేదు. తెలుగు అక్షరాలు అమ్మ ఒళ్ళో వచ్చేశాయి గానీ, అక్కడి బళ్ళో టీచరు అడిగింది అర్థం చేసుకుని, జవాబు కూడబలుక్కునేసరికి క్లాసు అయిపోయేది. అలాంటి నన్ను నాన్న పార్కు పక్కనున్న ఆటల భవనంలో స్క్వాష్ నేర్చుకోవడానికి చేర్చాడు. చెక్క నేల, తెల్ల గోడలు, వెనక గోడ మాత్రం అద్దం. ఇద్దరూ ఒకే గదిలో నిలబడి, చిన్న నల్ల బంతిని ఎదుటి గోడకి వంతులవారీగా కొట్టాలి. బంతికి ఇంగ్లీషు అక్కర్లేదు. అక్కడ నేను ఎవరికీ వెనక కాదు. తల నెరిసిన పొడుగాటి కోచ్ ఆవిడ నన్ను ‘సుధారాణీ’ అని ఒత్తు పోకుండా పిలిచిన మొదటి అమెరికా మనిషి. వచ్చే శనివారం పిల్లలకి పోటీ పెట్టి, బాగా ఆడినవాళ్ళతో జట్టు కడతానని ఆవిడ చెప్పిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. నా బతుకంతా ఆ జట్టులోనే ఉన్నట్టనిపించింది.

మా ఇంట్లో బూట్లు కొనడానికి ఒక పద్ధతుండేది, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పెరిగే కాళ్ళు కదా అని సైజున్నర పెద్దవి కొని, ముందు భాగంలో దూది కుక్కి, కాలు పెరిగేకొద్దీ దూది తీసేయడం. కాలూ బూటూ సమానమయ్యేసరికి బూటు నోరు తెరిచేది. ఆ ఏడు నాన్న కొన్నవి పరుగుకి వేసుకునే బూట్లు. మడమ కింద ఇడ్లీ అంత మెత్త, అడుగున నల్ల రబ్బరు. ఎంత ఎత్తుంటే అంత మంచివని మా నమ్మకం. పోటీ వారంలోనే ఒక రోజు బంతి కోసం పక్కకి అడుగేస్తే బూటు ఆగింది, లోపల కాలు మాత్రం జారింది, ఎత్తు మడమ ఒరిగిపోయి నేను చతికిలబడ్డాను. లేచి చూస్తే చెక్క నేల మీద నల్లటి చారలు.

కోచ్ కోప్పడలేదు. తలుపు తీసి, అద్దం బయట కూర్చున్న అమ్మకి నిదానంగా చెప్పింది. ఇవి తిన్నగా పరిగెత్తడానికి చేసినవట, ఈ ఆటంతా పక్కలకి. నేలకి దగ్గరగా ఉండేవి, అడుగు నేలని పట్టుకునేవి, మరక పడనివి, కాలికి అతికినట్టుండేవి కావాలట. అవి లేకుండా శనివారం వస్తే లోపలికి పంపనంది. కాలు విరిగితే ఆ పాపం తనకొద్దంది.

కార్లో నేను ఏడుపు. స్క్వాష్ బూట్లంటూ విడిగా అమ్మే షాపు దగ్గర్లో లేదని, తెప్పించాలంటే శనివారం దాటిపోతుందని, మమ్మల్ని తీసుకెళ్ళడానికొచ్చిన నాన్న గొణుగుడు. వారం వారం ఆ అద్దం అవతల కూర్చుని అమ్మ బంతిని చూడలేదట, కాళ్ళనే చూసిందట.

"ఇది మన తొక్కుడుబిళ్ళేగదే," అంది. "గోడ ఒక్కటే ఎక్కువ."

నాన్న నవ్వబోయి, అమ్మ మొహం చూసి మానుకున్నాడు. ఒంటికాలి మీద ఆగడం, తిరగడం, మళ్ళీ మధ్య గడికి రావడం రెండింటికీ ఒకటేనని, ఆ ఆటకి నిలిచిన బూటు ఈ ఆటకీ నిలుస్తుందని అమ్మ తేల్చేసింది.

మర్నాడు సాయంత్రం బయల్దేరాం. సాయంత్రమే వెళ్ళాలన్నది అమ్మ మాట. రోజంతా తిరిగాక కాలు కాస్త ఉబ్బుతుంది, ఆటలోనూ ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన బూటు అప్పుడు కరుస్తుందని. నేను ఆడేటప్పుడు వేసుకునే మందపాటి సాక్సులే తొడిగించింది. షాపాయన వయసు మళ్ళిన మనిషి. నా పాదాన్ని చల్లటి ఇనప కొలత మీద పెట్టించి, స్క్వాష్‌వి లేవు గానీ వాలీబాల్‌వీ బాడ్మింటన్‌వీ ఉన్నాయి, అవీ చెక్క నేల మీద ఆడేవేనంటూ మూడు జతలు తెచ్చాడు. నాన్న తెల్ల కాగితం పరిచి ఒక్కో అడుగూ రుద్ది చూశాడు, మరక పడలేదు. అమ్మ ఒక్కో బూటునీ రెండు చేతులా వంచి చూసింది. వేళ్ళ దగ్గర వంగాలి, మధ్యలో వంగకూడదు. అంతా బాగానే ఉంది గానీ అలవాటు ఎక్కడికి పోతుంది, "ఒక సైజు పెద్దది చూద్దామా, వచ్చే ఏడాదికీ వస్తాయిగా" అన్నాడు నాన్న మెల్లిగా.

"వచ్చే ఏడాది ఆట వచ్చే ఏడాది ఆడుద్దిలెండి," అంది అమ్మ. "ఈ శనివారానికి దానికి ఈ కాళ్ళే ఉన్నాయి."

ఆ షాపు నేలంతా పెద్ద పెద్ద చదరపు పలకలు. అమ్మ కారు తాళాన్ని బిళ్ళలా విసిరి, గెంతమంది. మొదటి జతలో మడమ లేచి పడుతోంది, విప్పెయ్యమంది. రెండోది చిటికెనవేలిని నలిపేసింది. మూడోవి తెల్లవి, తేనె రంగు అడుగువి. ఆఖరి పలక మీద ఒంటికాలితో తిరిగితే కీచుమని నేలని పట్టుకుని, నాతోపాటే ఆగాయి. లోపల కాలు వెంట్రుకవాసి కదల్లేదు.

"గీత తొక్కింది, ఔట్," అన్నాడు నాన్న.

"ముందు మీ కళ్ళజోడు మార్పించుకోండి," అంది అమ్మ.

తిరగడం నాకింకా కుదరడం లేదని చెప్పులు పక్కన విడిచి, చున్నీ నడుముకి బిగించి తనే దిగింది. బూట్లు చూసుకుంటున్నవాళ్ళు అమ్మ మీంచి చూపులు తిప్పలేదు. షాపాయన మా వైపే వస్తుంటే నాన్న సారీ చెప్పడానికి లేచాడు. ఆయన వచ్చింది మాకు అడ్డంగా ఉన్న బల్లని పక్కకి లాగడానికి. దాంతో ఆటకి ఇంకో వరస పలకలు కలిశాయి. మా అమ్మ ఆ వరసంతా గెంతుకుంటూ వెళ్ళి, తిరిగి, గీత తాకకుండా వెనక్కి వచ్చింది. అంత అందమైన మనిషిని ఆ ఊళ్ళో నేను మళ్ళీ చూడలేదు.

శనివారం నాకు ఎదురుపడింది నాకన్నా జానెడు పొడుగు పిల్ల. మొదటి గేము పోయింది. రెండో గేములో ఆ పిల్ల బంతిని ముందు మూలలో మెత్తగా పడేసింది, అది ఇక లేవదనుకున్నారందరూ. నేను ఒక్క గెంతులో ఆ మూలకి పోయి, ఒంటికాలి మీద నిలబడి, బంతిని గోడకి లేపి, మునివేళ్ళ మీద తిరిగి, ఆ పిల్ల బ్యాటు ఎత్తేలోపు గది నడిమధ్యలో ఉన్నాను. ఆ తర్వాత తను నన్ను మూలమూలకీ తిప్పుతూనే ఉంది, నేను నా మధ్య గడికి వస్తూనే ఉన్నాను. ఆ గేమూ నాదే, తర్వాతదీ నాదే.

ఆట అయ్యాక కోచ్ వంగి నా కాళ్ళు చూసి, అలా తిరగడం ఎవరు నేర్పారని అడిగింది. అద్దం అవతల ఒళ్ళో పెరుగన్నం డబ్బా పెట్టుకుని కూర్చున్న మనిషిని వేలెత్తి చూపించి, "మా అమ్మ" అన్నాను, తెలుగులోనే. ఆవిడకి అర్థమైంది. తలుపు తీసుకుని వెళ్ళి, నేను జట్టులో చేరానన్న మాట నాకంటే ముందు అమ్మకే చెప్పింది.

బడి ముగిసేదాకా ఆ జట్టులో ఆడాను. ఆ షాపు ఇప్పుడు లేదు, అక్కడ ఏదో ఆఫీసు లేచింది. ఆటల భవనంలో ఆ గది గోడలు తీసేసి, ఉన్నచోటే తొక్కే సైకిళ్ళు పెట్టారు. పిల్లల పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలు ఎక్కడుందో నొక్కి చూసే మనుషులూ పోయారు. అమ్మ మోకాళ్ళు ఇప్పుడు గెంతనివ్వవు. అయినా మా ఇంట్లో ఎవరు కొత్త బూట్లతో నడిచినా, పక్క గదిలోంచే చప్పుడు విని, వదులో బిగువో చెప్పేస్తుంది. ఇంతవరకూ తప్పింది లేదు.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు, మీ ఇల్లు చల్లగుండాలి. మీ గుమ్మం ముందు చిన్నా పెద్దా చెప్పులు ఎప్పుడూ గుట్టలుగా పడుండాలి. దాటి లోపలికి రావడానికి చోటు లేదని మీరు రోజూ విసుక్కుంటూనే ఉండాలి.