అటకగదిలో అలక

అవమానం జరిగిన రోజు మనిషికి ఏం తిన్నాడో కూడా గుర్తుంటుంది. నాకు పులిహోర గుర్తుంది. ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలో, మా అక్కా బావా కొనుక్కున్న పాత చెక్క ఇంట్లో, పైన అటక కింద ఉన్న చిన్న గదిలో నేను ఉండేవాణ్ణి. అప్పట్లో మనవాళ్ళ ఇళ్ళల్లో ఇంకో తెలుగువాడు ఆర్నెల్లు ఉండిపోవడం విశేషమేమీ కాదు. ఉద్యోగం కుదిరేదాకా ఒకరు, కుదిరాక మంచి గది దొరికేదాకా ఒకరు. నాకు ఉద్యోగం కుదిరింది. ఒక కంపెనీలో గొట్టాలకీ వాల్వులకీ డ్రాయింగులు గీసేవాణ్ణి. గది కూడా దొరికేదే గానీ, అక్క చేసే గుత్తివంకాయ కూర నన్ను కదలనివ్వలేదు (ఆ సంగతి బావ నలుగురిలో అన్న సందర్భాలు మూడు; అవి వేరే చెప్పాలి).

అది జనవరి ఆదివారం. అక్కకి ఆడపిల్ల పుట్టి పదిహేనో రోజు. బావగారి అమ్మ, అంటే మా అత్తయ్యగారు, పురుడు కోసం గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. పిల్లని చూడ్డానికి వచ్చిన ముగ్గురు స్నేహితులకి హాల్లో ఫలహారాలు పెట్టారు. నేను ఇంకో ముద్ద పులిహోర కోసం మెట్లు దిగి వచ్చాను. బావ నన్ను చూపించి, "మా బావమరిదిని చూశారా, మంచు పడుతుంటే బనియనూ లుంగీతో తిరుగుతున్నాడు. పాపం బాయిలర్ వీడొక్కడి కోసం రెండు షిఫ్టులు చేస్తోంది" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఒకాయనైతే నోట్లో పులిహోర ఉండగానే నవ్వాడు (తరవాత వాళ్ళబ్బాయి పెళ్ళికి పిలిస్తే నేను వెళ్ళలేదు).

నేను పైకి వెళ్ళిపోయాను. నా గదిలో గోడ వారన ఇనుప రేడియేటర్ ఉంది. బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్ నీళ్ళు కాస్తే, పంపు ఆ నీళ్ళని గొట్టాల్లోకి తోస్తుంది, అవి గదుల్లో రేడియేటర్లని వేడి చేసి మళ్ళీ బాయిలర్‌కి చేరతాయి. నా రేడియేటర్ పక్కన గొట్టానికి ఒక చిన్న చక్రంలాంటి వాల్వ్ ఉంది. దాన్ని బిగించేశాను. మీ వేడి నాకక్కర్లేదు అని మనసులో అనుకుని, స్వెటర్ మీద కోటు, కోటు మీద దుప్పటి, నెత్తిన మంకీ క్యాప్ పెట్టుకుని, ఎవరైనా వచ్చి "ఏంట్రా ఇది" అంటారేమోనని కూర్చున్నాను. రాత్రి భోజనానికి పిలిచారు గానీ ఆ వేషం గురించి ఒక్కరూ అడగలేదు. అక్క మాత్రం "ఆ టోపీ కూరలో పడుతుంది, తియ్యి" అంది.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా ఐసుగడ్డ. బేస్‌మెంట్‌లోంచి ఎవరో ఇనపపెట్టె మీద గునపంతో కొడుతున్నట్టు చప్పుడు. బాయిలర్ కాసేపు మండడం, వేడి కొలిచే ముల్లు ఎర్రగీత దాటడం, దానంతటది ఆరిపోవడం, చల్లారాక మళ్ళీ వెలగడం. బాయిలర్ ఉడికిపోతోంది, ఇల్లు గడ్డకడుతోంది. అక్కనీ పిల్లనీ వెనక చిన్న గదిలో పెట్టి, కరెంటు హీటర్ ఆన్ చేశారు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల కాస్త సంతోషంగానే ఉంది. నా కోసం చేసే రెండో షిఫ్టు నేను మాన్పించిన మర్నాడే అది పడకేసిందంటే తప్పు నాది కాదని తేలిపోయింది కదా.

"ప్లంబర్‌కి ఫోన్ చేస్తాను" అన్నాడు బావ. అంతటితో ఊరుకోలేదు. "అన్నట్టు మనింట్లోనే గొట్టాల ఇంజనీరు గారున్నారుగా" అన్నాడు.

"ఉన్నారు, చూస్తారు" అన్నాను.

"శనివారం బారసాల నాయనా" అన్నారు అత్తయ్యగారు. "ఇరవయ్యొకటో రోజు దాటనివ్వను. ఇల్లు వెచ్చబడకపోతే ఎవరింట్లోనో చేసుకోవాలి."

అక్క పిల్లనెత్తుకుని ఆ చిన్న గది గుమ్మంలోకి వచ్చింది. హాల్లో దూలానికి అప్పటికే తన పెళ్ళిపట్టుచీరతో ఉయ్యాల కట్టించింది. దాని వంక చూసి, పిల్లని ఇంకాస్త దగ్గరకి లాక్కుంది. ఆ చూపుకి నా సంతోషం పోయింది. సరే, బావ కోసం కాదు, ఆ ఉయ్యాల కోసం ఈ బాయిలర్ సంగతి తేలుస్తానని నోటుబుక్కు తీశాను.

ఆరు కారణాలు రాశాను. బాయిలర్ నుంచి బయల్దేరే గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలింది. తిరిగొచ్చే గొట్టం చావు చల్లగా ఉంది. అంటే నీళ్ళు కదలట్లేదు. అంతవరకూ నా బుర్ర బాగానే పనిచేసింది. కింది గదుల్లో రేడియేటర్లన్నీ తడిమాను, గాలి పట్టిందేమోనని గాలి వదిలాను. నా గది ఒక్కటే చూడలేదు. ఆ తగాదా వేరు, ఈ తగాదా వేరు. కదలట్లేదంటే పంపు పోయినట్టే అని తేల్చి, బుధవారం కొత్త పంపు తెప్పించి, గురువారం సాయంత్రం బిగించాను. బావ టార్చిలైటు పట్టుకున్నాడు.

"నా చేతి మీదకి బావగారూ, నా మొహం మీదకి కాదు."

"నీ మొహంలో కాన్ఫిడెన్స్ కనిపిస్తుందేమోనని చూస్తున్నానోయ్."

కొత్త పంపు తిరిగింది. పది నిమిషాలకి మళ్ళీ గునపం చప్పుడు. పాత పంపుని చేతిలో పెట్టుకుని తిప్పి చూశాను. అదీ నిక్షేపంలా తిరుగుతోంది. బావ టార్చి ఆపేసి, చాలా మర్యాదగా, ఏమీ అనకుండా పైకి వెళ్ళాడు. ఏదైనా అనుంటే బాగుండేది.

శుక్రవారం ప్లంబర్ వచ్చాడు. ఇంట్లోకొచ్చినా ఉన్ని టోపీ తియ్యని ముసలాయన. మేం తరవాత టోపీ తాత అని పిలుచుకునేవాళ్ళం. పనిముట్ల పెట్టె తెరవలేదు, పంపు వంక చూడలేదు. తిరిగొచ్చే గొట్టం మీద చెయ్యి వేసి, "ఇది ఎక్కణ్ణించి వస్తోంది?" అని ఇంగ్లీషులో అడిగాడు. నాకు తెలీదు. (ఆఫీసులో నేను గీసే డ్రాయింగుల్లో ప్రతి రేడియేటర్‌కీ విడివిడిగా దారి ఉంటుంది, ప్రపంచంలో ఇళ్ళన్నీ అలాగే కట్టారనుకున్నాను.) ఆయన ఆ గొట్టం వెంబడే పైకి ఎక్కడం మొదలెట్టాడు. "పాత ఇల్లు. నీళ్ళకి ఒకటే దారి. ఒక గది దాటాకే ఇంకో గది. ఎక్కడో ఒకచోట కట్టేస్తే అన్నీ ఆగిపోతాయి" అన్నాడు. హాలు, వంటిల్లు, అక్క గది, తరవాత అటక మెట్లు. రెండో మెట్టు మీద నాకు సంగతి అర్థమయింది. ముందు పరిగెత్తుదామంటే మెట్లు ఇరుకు, ముందు ఆయన ఉన్నాడు.

గదిలో ఆయన ఆ చక్రం వంక చూసి, నా కోటు, దుప్పటి, మంకీ క్యాప్ వంక చూశాడు.

"ఎప్పుడు మూశావు?"

"ఆదివారం."

"ఎందుకు?"

"మా బావ ఒక మాటన్నాడు."

ఆయన నవ్వలేదు. "నాకూ ఉన్నాడు ఒక బావమరిది. మాట్లాడి పదకొండేళ్ళయింది. ఎందుకో మర్చిపోయాను" అన్నాడు. కారణం మర్చిపోయేవాడు అలగడం దేనికని నాకు ఆశ్చర్యమేసింది. ఆయన చక్రం తిప్పాడు. గొట్టంలో నీళ్ళు గలగలమన్నాయి. కాసేపటికి కింద నుంచి అత్తయ్యగారి గొంతు: "ఒరే, హాల్లోది వెచ్చబడుతోంది."

కిందికి దిగాక బావ "ఏంటి ట్రబుల్?" అని అడిగాడు. టోపీ తాత నా వంక చూడకుండా, "గాలి. పైన చిక్కుకుంది, వదిలేశాను" అన్నాడు.

శనివారం ఆ హాల్లో, ఆ ఉయ్యాలలోనే పిల్లని పడుకోబెట్టారు. ఆదివారం వచ్చిన ముగ్గురూ మళ్ళీ వచ్చారు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "పంపు మావాడే మార్చాడండీ. నాలుగు రోజులు బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నా జన్మలో నన్నంత ఇబ్బంది పెట్టిన పొగడ్త ఇంకోటి లేదు. ఆ వసంతంలో ఎక్కడో దూరాన అరోరా అనే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాను.

చాలా ఏళ్ళకి, అక్కావాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్ళాను. అటకగదిలో పెట్టెలు సర్దుతూ రేడియేటర్ పక్కకి వంగితే, ఆ చక్రానికి దారంతో కట్టిన అట్టముక్క ఒకటి కనిపించింది. సిరా వెలిసిపోయింది గానీ అది బావ గుండ్రటి చేతిరాత. "దీన్ని ముయ్యరాదు. బావమరిది వచ్చినప్పుడు మరీ జాగ్రత్త."

అన్నేళ్ళలో ఎన్ని పండగలకి వచ్చానో, ఎన్ని మాటలు పడ్డానో నాకు వరసగా గుర్తే. ఈ ఒక్కమాట మాత్రం ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. కింద నుంచి "ఏమోయ్ ఇంజనీరూ, పైన చలిగా ఉందా?" అని కేకేశాడు. "లేదు బావగారూ, వెచ్చగానే ఉంది" అన్నాను. అట్టముక్క విప్పి జేబులో పెట్టుకున్నాను. దాన్నీ అవమానాల్లోకే చేర్చాను. కాకపోతే అప్పుడప్పుడూ తీసి చదువుకునేది ఆ ఒక్కదాన్నే.